క్యారియర్ మీది మనిషి

1996 అక్టోబరు 13, ఆదివారం. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస తెల్లారి.

నా పేరు నాగవ్వ. నాకు చదువు రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది నా కోడలు సుమిత్ర. కుడిచేతికి పిండికట్టు వేశారు. బీడీలు చుట్టే చెయ్యి అది. చెయ్యి ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదు, అందుకే ఈ రాయించడం.

రోడ్ల ఆఫీసుకు పోయి కొట్లాడాలి. కోపం వస్తే నాకు మాటలు ముందూ వెనకా అయిపోతాయి. రోజుకింత చెప్పి రాయించుకుని, పొద్దూకే వేళ చదివించుకుని వింటే అక్కడ తడబడకుండా ఉంటాను. ఇది నా ఒక్కదాని కోసం. మా ముసలాయనకు, అదే నా పెనిమిటికి, అసలే కాదు.

చెప్పింది చెప్పినట్టు రాయవే అంటే సుమిత్ర బడి భాషలో పెడుతోంది. నేను ‘పోయిన’ అంటే ‘పోయాను’ అని రాస్తుంది. చదివి వినిపిస్తే ఎవరో పటేలు గారి భార్య మాట్లాడినట్టు ఉంది. పోనీ, ఆఫీసులో ఆ మాత్రం గౌరవం పనికొస్తుంది. కానీ జనం మాట్లాడింది మాత్రం జనం మాట్లాడినట్టే రాయాలని చెప్పాను.

జరిగింది ఇది. మొన్న గురువారం నేనూ, మా ముసలాయన బాలనర్సయ్యా బోధన్ పోతున్నాం. ఆయన తొక్కుతున్నాడు. నేను వెనక క్యారియర్ మీద, ఒళ్లో బీడీల గంప. కార్ఖానాలో బీడీలు ఇచ్చి, ఆకూ తంబాకూ తెచ్చుకోవాలి. పెళ్లయినప్పటి నుంచీ మా పోకడ ఇదే. మా ఊరు దాటకముందే, కాలువ బ్రిడ్జి ఇవతల, వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. ఎదురుగా లారీ. ఆయన పక్కకు తిప్పాడు. తారు మీద నుంచి దిగితే పక్కన మట్టి ఉండాలి కదా! లేదు. జానెడు లోతు గుంత. కొత్త తారు వేసి, అంచును బావి గట్టులా వదిలేశారు. ముందు చక్రం అందులో పడింది. నేను చేతి మీద పడ్డాను.

బస్సు ఆగలేదు. ముసలాయనకు దెబ్బ తగల్లేదు. ఆయన ముందు నన్ను లేపాడు, తర్వాత బీడీలు ఏరాడు. సైకిల్‌ను మాత్రం చాలాసేపు ముట్టుకోలేదు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

తప్పు ఎవరిది? రోడ్డుది. సుమిత్రా, ఆ మాట మళ్లీ రాయి. తప్పు రోడ్డుది.

అక్టోబరు 15, మంగళవారం.

ఊళ్లో బతుకమ్మలు మొదలయ్యాయి. సాయంత్రం మా వాకిట్లోనే ఆడారు. ఈసారి మా వాకిలి మీద కాలు పెడితే ఎవరికైనా దిగబుద్ధి కాదు. ఎర్రటి మొరం మట్టి, అరచేతిలా సమంగా. వానలకు నేను రెండుసార్లు జారానని ముసలాయన పెత్రమాసకు ముందే మా ఊరి లింబయ్య ఎడ్లబండి కట్టించి గుట్ట నుంచి తెచ్చి పోశాడు. అడక్కుండానే తెచ్చాడు. పక్కింటి అంజవ్వ చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“నీ మొగడు నీకు సడక్ ఏసిండు గదనే!”

“నీ మొగన్ని గూడ ఎయ్యమను. ఎవరు వద్దన్నరు?” అన్నాను.

అక్టోబరు 17, గురువారం.

చెయ్యి చూపించుకోవడానికి బోధన్ దవాఖానకు పోవాలి. గోనెసంచి మడిచి క్యారియర్ మీద వేసి నిలబడ్డాను. ముసలాయన ఆ సంచి తీసి నా చేతికిచ్చాడు.

“నువ్వు సుమిత్ర జీపుల పోండ్రి. నేను ఎనుక వస్త.”

“జీపులెందుకు? సైకిల్ బాగనే ఉన్నది గద.”

“జీపుల పొమ్మంటున్న.”

జీపులో మనుషులను మూటల్లా కుక్కారు. వెనక అద్దంలోంచి చూస్తే ఆయన ఒక్కడే తొక్కుకుంటూ వస్తున్నాడు. క్యారియర్ ఖాళీ. చూస్తుండగానే చిన్నగా అయిపోయాడు. ఆయన వెనకవైపు నుంచి ఎట్లా ఉంటాడో నాకు బాగా తెలుసు. ముందు నుంచి, అంత దూరం నుంచి చూడటం ఇదే మొదలు.

నాకేం బాధ లేదు. జీపులో ఎండ తగలదు.

అక్టోబరు 18, శుక్రవారం.

కాలువ బ్రిడ్జి దగ్గర ఒకాయన రెండు రోజులుగా నిలబడి, పోయే వచ్చే సైకిళ్లను చూసి ఏదో రాసుకుంటున్నాడని అంజవ్వ చెప్పింది. పోయి చూశాను. సగం బట్టతల, ప్యాంటు కాళ్లకు క్లిప్పులు, పక్కన ఆయన సైకిలే.

“ఏం సారూ, మా సైకిళ్లకు దిష్టి పెడుతున్నవా?”

నవ్వాడు. పేరు లక్ష్మీరాజం. సొంతూరు వర్ని. నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ చదువు చెప్పే పంతులట.

“సైకిళ్ల మీద పరిశోధన చేస్తున్ననవ్వా. ఎవరు పోతున్నరు, ఏ పనికి పోతున్నరు, ఏడ పడుతున్నరు, అన్నీ రాసుకుంటున్న.”

“పడేటోళ్లను గూడ రాస్తవా?”

“గదే అసలు సంగతి.”

“అయితే నన్ను రాస్కో.”

నా కట్టు చూసి, “నువ్వు సైకిల్ తొక్కుతవా అవ్వా?” అన్నాడు.

“తొక్కేది మా ముసలోడు. పడేది నేను.”

పాపం, ఆయన కాగితంలో తొక్కేవాళ్లకే చోటు ఉంది, వెనక కూర్చునేవాళ్లకు లేదు. కాసేపు పెన్ను చెవిలో తిప్పుకుని, పక్కన గీత గీసి నన్ను కూడా ఎక్కించాడు. తర్వాత చాలా సంగతులు అడిగాడు. ఎవరూ నన్ను ఇట్లాంటివి అడగలేదు. అన్నీ చెప్పాను. వెనక కూర్చోవడమూ ఒక పనేనని చెప్పాను. తొక్కేవాడు ఎటు ఒరిగితే అటే ఒరగాలి. ఎత్తు ఎక్కే చడావు వస్తే వాడు అనకముందే దూకి నడవాలి. నడుము పట్టుకుంటే ఊరంతా చూస్తుంది, సీటు కింద స్ప్రింగు పట్టుకుంటే వేలు నలుగుతుంది. నేనెప్పుడూ వేలే నలగ్గొట్టుకున్నాను. ఈ మాటకు మాత్రం ఆయన రాయడం ఆపి నవ్వాడు.

ఆయన కూడా నాకొకటి చూపించాడు. రోడ్డంటే బస్సులకూ లారీలకే అనుకుని కొలతలు వేస్తారట. అంచున కూడా సైకిల్ పోయేంత చదును ఉండాలని ఈయన వాదం. చెబుతూ నన్ను బ్రిడ్జి అవతలికి తీసుకుపోయాడు.

“అవ్వా, ఈడ సూడు. అంచు సమానంగ ఉన్నది. తారు దిగితే మొరం. అటు పక్క ఊరిదాక గిట్లనే ఉన్నది. ఒక్క మీ ఊరి పొడుగూతనే లోతు. మీ ఊరు దాటంగనే మళ్ల సమానం. ఎందుకట్ల?”

“ఎందుకేంది? మా ఊరంటే అలుసు. మొరం మింగిండ్రు.”

“అయి ఉండొచ్చు. ఆఫీసుల అడుగుదాం. నేను గూడ వస్త.”

నాకు బలం వచ్చింది.

అక్టోబరు 20, ఆదివారం.

దసరా పండక్కి లింగం వచ్చాడు. నా కొడుకు, సుమిత్ర పెనిమిటి. నిజామాబాద్‌లో రైస్ మిల్లులో పని. వస్తూనే తండ్రి మీద పడ్డాడు.

“బాపూ, ఇగ సైకిల్ బంద్ పెట్టు. నీకు సూపు ఆనతలేదు.”

ముసలాయన తల ఊపాడు. “అవును బిడ్డా, ఆనతలేదు.”

కాలువ అవతలి గట్టున కొంగ వాలితే అది తెల్లదో బూడిద రంగుదో చెప్పే మనిషి! పనిచేసినన్ని రోజులూ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా ముల్లును కళ్లద్దాలు లేకుండా చదివాడు. చూపు ఆనడం లేదట!

లింగం అటు పోగానే, పండగ వెళ్లగానే ఆఫీసుకు పోతున్నానని చెప్పాను.

“పోకు,” అన్నాడు.

“ఎందుకు పోవద్దు?”

“అయ్యిందేదో అయ్యింది. తప్పు నాదే. సూస్కోలే.”

“నీ తప్పు గాదు, రోడ్డు తప్పు! నేను నిరూపణ చేస్త.”

“పోవద్దంటున్న గదా నాగా!”

నాతో ఆయన ఎప్పుడూ అట్లా గొంతు పెంచలేదు. భయం. అంతే. ఆఫీసరు కనబడితే లేచి నిలబడీ నిలబడీ అలవాటైన మనిషి. ఆయన తరఫున కొట్లాడేది నేను కాకపోతే ఎవరు? రోడ్డు తప్పని పదిమందిలో తేలితే ఆ మనిషి గుండె తేలికపడుతుంది, నా గోనెసంచి మళ్లీ క్యారియర్ ఎక్కుతుంది. నాకు కావలసింది అంతే.

అక్టోబరు 23, బుధవారం.

సుమిత్రా, ఇది నిదానంగా రాయి. ఒక్క మాట కూడా విడవకు.

పొద్దున జీపులో పోయాం. లక్ష్మీరాజం సారు ముందే వచ్చి ఆఫీసు మెట్ల మీద ఉన్నాడు. లోపల ఇంజనీరు మంచిగానే ఉన్నాడు, “కూసో అవ్వా” అన్నాడు. నేను కూర్చోలేదు. నా కట్టు చెయ్యి ఆయన బల్ల మీద పెట్టాను.

“గిది మీ రోడ్డు చేసిన పని. అన్ని ఊళ్ల కాడ మొరం పోసిండ్రు. మా ఊరి కాడ పొయ్యలే. మొరం ఎవరు తిన్నరు? రేపు ఫ్యాక్టరీ మొదలైతే చెరుకు బండ్లు, ట్రాక్టర్లు అన్నీ గీ రోడ్డు మీదనే. మా పిల్లలు సైకిళ్ల మీద బడికి పోవాలె, మా మొగోళ్లు పనికి పోవాలె. పక్కకు దిగుదామంటే గుంత. ఇంకెంతమంది పడాలె?”

రాయించి వినడం ఎంత పనిచేసిందో! ఒక్క మాట తప్పలేదు. గుమాస్తాలు పెన్నులు ఆపి చూశారు.

ఇంజనీరు కోపం తెచ్చుకోలేదు. ఎవరినో పిలిపించాడు. మా రోడ్డు పని చూసిన మేస్త్రీ. తలకు రుమాలు, నోట్లో పాన్.

“అవ్వా, మీ ఊరి పొడుగూత కుప్పలు పోయించింది నేనే,” అన్నాడతను. “తెల్లారి సూస్తే కుప్పలు లేవు. మళ్ల పోయించిన. గవి గూడ లేవు. పండుగకు వాకిళ్లల్ల పోసుకునెతందుకు మీ ఊరోళ్లే ఎత్తుకపోయిండ్రు.”

“అబద్ధం! మా ఊరోళ్లు దొంగలా?”

“ఒక ముసలాయనను బండితోటి సహా పట్టుకున్ననవ్వా. ‘మా ఆమె వాకిట్ల జారి పడుతున్నది, జెర్ర పోనియ్యి’ అని బతిలాడిండు. పాపమని పోనిచ్చిన.”

నేను మండిపోయాను. “ఎవడా ముసలోడు? పెండ్లాం మీద గంత ప్రేమున్నోడు ఊరి రోడ్డు తవ్వుకపోతడా? పేరు చెప్పు. నడి ఊళ్ల నిలబెట్టి అడుగుత!”

“పేరు అడగలే. ఎన్కట ఫ్యాక్టరీల చెరుకు కాంటా కాడ పనిచేసిన అన్నడు.”

సుమిత్ర తన కాళ్ల వేళ్లు చూసుకుంటోంది. లక్ష్మీరాజం సారు ఏం తెలిసిందో ఏమో, కిటికీ అవతలకు చూశాడు.

బల్ల మీద నుంచి నా చెయ్యి తీసుకున్నాను.

“మళ్ల వస్తం,” అన్నాను.

జీపులో ఇంటికి వచ్చాం. దిగి వాకిట్లో కాలు పెట్టబోయి ఆగాను. అరచేతిలా సమంగా ఉంది.

అక్టోబరు 24, గురువారం.

కాంటా దగ్గర చాలామంది పనిచేశారు. ముసలాయనలు చాలామంది ఉన్నారు. వాళ్లకూ పెళ్లాలు ఉంటారు.

ఇవాళ ఇంతే.

అక్టోబరు 25, శుక్రవారం.

ఆయన చూరు కింద కూర్చుని సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు. తొక్కని సైకిల్‌కు నూనె! ఎదురుగా పోయి నిలబడ్డాను. కాలితో మొరం తడితే నల్లటి తారు బిళ్ల ఒకటి బయటపడింది.

“గుట్ట మొరం అన్నవు గద?”

చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

“ఆఫీసుకు పోవద్దని చెప్పిన,” అన్నాడు.

“గుట్ట మొరం అన్నవు గద?”

“వానలల్ల రెండుమాట్ల జారినవు. ఈ మాటు పడితే లెవ్వవని బుగులయ్యింది. సడక్ మీద కుప్పలు కనవడ్డయ్. ఊరంత ఎత్తుకపోతున్నది. నేను గూడ లింబయ్యను బండి కట్టమన్న.”

“నాకు చెప్పొద్దా?”

“చెప్తే ఊకుంటవా? పోసిందంత మళ్ల ఎత్తి ఆడ్నే పోసి రా అంటవు.”

నిజమే, అనేదాన్ని.

ఆయన నూనె డబ్బా మూత పెట్టాడు. ఎంతకీ పట్టలేదు. “నీ కాలు జారొద్దని తెచ్చిన. తెచ్చిన జాగలనే నీ చెయ్యి ఇరగ్గొట్టిన. మళ్ల నిన్నెట్ల ఎక్కించుకోవాలె? నా పాణం ఒప్పతలేదు నాగా.”

ఊరు మొత్తానికి సరిపడా తిట్లు నా దగ్గర ఉన్నాయి. రెండు రోజులుగా పేర్చి పెట్టుకున్నాను కూడా.

“అన్నం తిన్నవా?” అన్నాను.

లేదన్నాడు. పెట్టాను.

అక్టోబరు 27, ఆదివారం.

పొద్దున్నే ఎడమచేత్తో పార పట్టి వాకిలి తవ్వడం మొదలుపెట్టాను. ముసలాయన పరుగెత్తుకొచ్చి పార గుంజుకున్నాడు. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు, తానే తవ్వాడు. సుమిత్ర తట్టలకెత్తింది. మొరం తిరిగి రోడ్డు అంచున పోయడానికి లింబయ్య బండి ఇవ్వనంటే ఎట్లా ఇవ్వడో చూస్తానన్నాను. ఇచ్చాడు.

అంజవ్వ గోడ మీది నుంచి చూసింది.

“ఏమైందే? పండుగ పోయి వారం గాలే, మంచి వాకిలి పీకుతున్నవ్?”

“మీ వాకిట్ల మొరం ఏడిదే అంజవ్వా?”

“ఇంకేడిది? గుట్టదే.”

“గుట్ట మీద తారు బిళ్లలుంటయా?”

అంజవ్వ తల గోడ కిందికి పోయింది.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. లక్ష్మీరాజం సారు అడిగినట్టే అడిగాను. మీ ఇంట్లో సైకిల్ ఉందా, దాని మీద ఎవరెవరు పోతారు, వెనక ఎవరు కూర్చుంటారు? చెప్పారు. బడికి పోయే బిడ్డ, మిల్లుకు పోయే కొడుకు, వెనక పాల క్యాన్లు, వెనక చంటిపిల్లతో కోడలు. అంతా చెప్పించాక వాళ్ల వాకిలి వైపు చూసేదాన్ని. కొందరు తల గీరుకున్నారు. కొందరు తిట్టారు. ఒకాయన తన ఇల్లు నేలమట్టం చేయడానికి వచ్చానన్నాడు. “ఇల్లు నీదే ఉంచుకో, సడక్ ఇచ్చెయ్యి,” అన్నాను.

నవంబరు 3, ఆదివారం.

వస్తోంది. ఎత్తుకుపోయిన మొరం, తట్టలతో, బండ్లతో, ఒకాయన సైకిల్ మీదే రెండు సంచులతో. ఇవ్వనివాళ్ల ఇంటి ముందు నేను ఊరికే నిలబడుతున్నాను, కట్టు చెయ్యి మెడలో వేసుకుని. మాట్లాడను. ఎక్కువసేపు నిలబడాల్సిన పని పడటం లేదు.

నవంబరు 12, మంగళవారం.

దీపావళి పోయింది. లక్ష్మీరాజం సారూ నేనూ మళ్లీ ఆఫీసుకు పోయాం. ఈసారి కుర్చీలో కూర్చున్నాను. తరుగు పడిన చోట ఇంకొంత మొరం పోయిస్తానని, తడపడానికి నీళ్ల ట్యాంకర్ పంపుతానని ఇంజనీరు ఒప్పుకున్నాడు. తొక్కించే రోలరు మాత్రం వేరే పని మీద ఉందట, సంక్రాంతి దాటేదాకా రాదట.

తొక్కించకపోతే మొరం నిలవదని సారు అంటున్నాడు. మొదటి బస్సుకే లేచిపోతుందట. రుద్రూర్ వైపు చెరుకు నరకడం మొదలైంది. సైకిళ్లు ఎటు దిగాలి?

ముసలాయన నన్ను ఇంకా ఎక్కించుకోలేదు. నేనూ అడగలేదు. అడిగి ఎక్కేదాన్ని కాదు నేను.

నవంబరు 18, సోమవారం.

ఫ్యాక్టరీ మొదలైంది. చెరుకు బండ్లు వరస కట్టాయి. ఫ్యాక్టరీ గేటు నుంచి మొదలైన వరస మా ఊరు దాటి నిలబడింది. ఏటా ఉన్నదే. ఒక్కో బండి జరిగేసరికి ఎడ్లు ఒక కునుకు తీస్తాయి. బండ్లన్నీ తారు మీద, సైకిళ్లు పక్క మట్టిలో. ఏటా అదే చూస్తూ వచ్చాను, ఇవాళే నాకు వేరేగా కనబడింది. ఇంతింత బరువు బండ్లు, కదలకుండా గంటల తరబడి! ఇంకా రోలరు ఎందుకు?

ట్యాంకరు మొరం తడిపి పోయింది. నేను రోడ్డు మధ్యకు పోయి కట్టు చెయ్యి పైకెత్తాను. మొదటి బండి లింబయ్యదే.

“కిందికి దింపు. మొరం మీద నిలబెట్టు.”

“ఎడ్లు దిగయవ్వా. బెదురుతయి.”

“మొరం ఎత్తుకొచ్చెతందుకు పోయినప్పుడు దిగినయ్ గద?”

వెనక బండ్లవాళ్లు పకపకా నవ్వారు. లింబయ్య ముఖం ముడుచుకుని ఎడ్లను అదిలించాడు. బండి కిర్రుమంటూ దిగింది. తడి మొరం చక్రాల కింద అణిగి గట్టిపడింది. దాని వెనకే రెండోది. మూడోవాడు మరాఠీ మనిషి, నా మాట అర్థం కాక బిత్తరపోయాడు. ముసలాయన పోయి మరాఠీలో చెప్పి ఎడ్ల ముక్కుతాడు తానే పట్టుకుని దింపించాడు. పొద్దుగూకేదాకా ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను. లక్ష్మీరాజం సారు బడి ఎగ్గొట్టి వచ్చి చూసి, బట్టతల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“అవ్వా, గిది ఏ పుస్తకంల లేదు.”

“నువ్వు రాస్తే ఉంటది,” అన్నాను.

బండ్లు ఇట్లాగే రోజూ నిలబడితే వారంలో తారుకు సమానమవుతుందట.

నవంబరు 22, శుక్రవారం.

కట్టు విప్పారు. చెయ్యి ఎవరిదో పరాయిదానిలా సన్నగా ఉంది. వేళ్లు వంగడం లేదు. వంగుతాయట.

పోయేటప్పుడూ జీపే, వచ్చేటప్పుడూ జీపే.

నవంబరు 25, సోమవారం.

నిన్న లింబయ్య వచ్చి నవ్వుతూ ఒక మాట చెప్పాడు. “అవ్వా, మీ ముసలాయనకు ఏమన్న అయ్యిందా? రోజు పొద్దుగాల వడ్ల బస్తా ఒకటి క్యారియర్‌కు కట్టుకోని సడక్ అంచు మీద అటు ఇటు తిరుగుతున్నడు.”

నమ్మలేదు. ఇవాళ తెల్లవారగానే పోయి చెరుకు చేను పక్కన నిలబడ్డాను. నిజమే. బస్తా నిలువుగా, మనిషి కూర్చున్నట్టు కట్టి ఉంది. ఆయన తారు మీద తొక్కుతూ వచ్చి, ఉన్నట్టుండి మొరం మీదికి దిగుతున్నాడు. కొంత దూరం పోయి మళ్లీ తారు ఎక్కుతున్నాడు. మళ్లీ దిగుతున్నాడు. ఒకచోట ఆగి, వెనక్కి తిరిగి, బస్తా ఒరిగిందేమోనని సర్ది, దాన్ని రెండుసార్లు మెల్లగా తట్టాడు.

నన్ను ఇన్నేళ్లలో ఒక్కసారైనా అట్లా తట్టాడా? ఆ బస్తాను చూసి నాకు ఎక్కడలేని మంట పుట్టింది. చేను పక్క నుంచి బయటకు వచ్చాను.

“ఎవరినయ్యా తిప్పుతున్నవ్?”

దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

“అలవాటు చేసుకుంటున్న.”

“బస్తా, నేను ఒకటేనా?”

“ఒకటి గాదు. బస్తా బరువు తక్కువ.”

“ఇంకేం తక్కువ?”

“నోరు.”

సుమిత్రా, నువ్వు నవ్వడం ఆపి రాస్తే బాగుంటుంది.

నవంబరు 28, గురువారం.

ఇవాళ పొద్దున ఆయన సైకిల్ బయటకు తీశాడు. బస్తా లేదు. క్యారియర్ మీద గోనెసంచి మడిచి ఉంది. నేను మడవలేదు, సుమిత్ర కూడా కాదట. బీడీల గంప సుమిత్ర నాకందించింది, అన్నీ తను చుట్టినవే.

“ఎక్కుతవా?” అన్నాడు, హ్యాండిలు వైపు చూస్తూ.

ఎక్కాను.

ఊరి చివరిదాకా ఆయన భుజాలు బిగిసిపోయే ఉన్నాయి. నేనూ ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. అది మాత్రం ఆయనకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. ఆ చోటు దగ్గరికి వచ్చాం. వెనక బస్సు హారన్ కొట్టింది. ఎదురుగా చెరుకు ట్రాక్టరు, రెండు పక్కలా గడలు బయటికి పొడుచుకుని వస్తోంది. దూకేద్దామనిపించింది. ఆయన హ్యాండిలు తిప్పాడు.

దిగాం.

పడలేదు. చక్రాల కింద మొరం కరకరమంది, అంతే. ఎక్కడ తారు అయిపోయిందో ఎక్కడ మొరం మొదలైందో నాకు తెలియలేదు. బస్సు పోయింది, ట్రాక్టరు పోయింది. దుమ్ము కూడా అణిగింది. మేమింకా అంచు మీదే పోతున్నాం.

ఆయన తొక్కుతూనే ఉన్నాడు. తర్వాత, తల తిప్పకుండా, మెల్లగా అడిగాడు.

“ఉన్నవా?”

“ఉన్న,” అన్నాను.

కొంచెం దూరం పోయాక మళ్లీ. “ఉన్నవా నాగా?”

“ఏడికి పోత? తొక్కు.”

బోధన్ వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఇంకెప్పుడైనా అయితే కసిరేదాన్ని. కానీ ప్రతిసారీ ఉన్నానని చెప్పాను.